వాడని పంపే సురక్షితమైన పంపు

ఊపిరి పీల్చుకోవాలంటే అర్జీ పెట్టుకోవాలన్న సంగతి మస్తానమ్మకు నలభై ఏడేళ్ళు వచ్చేదాకా తెలియదు. అప్పటిదాకా ఆ అమాయకురాలు పిట్టలూ పశువులూ పీల్చినట్టే, ఎవరినీ అడక్కుండా పీల్చేసింది. అన్నేళ్ళపాటు ఎవరి కంటా పడకపోవడం ఆమె అదృష్టమనే చెప్పాలి.

మస్తానమ్మ పని మిరపకాయలతో. ఊరి చివర సర్కారువారి మిరప నాణ్యతా కేంద్రం ఉంది. పొడుగాటి రేకుల షెడ్డు. అందులో ఎర్రటి రాశుల చుట్టూ ఎనభై మంది ఆడవాళ్ళు కూర్చుని తాలుకాయలు ఏరతారు, తొడిమలు తీస్తారు. తలకు గుడ్డ, మూతికి కొంగు, కళ్ళకు దేవుడే దిక్కు. ఆ షెడ్డులోకి కొత్తగా అడుగుపెట్టినవాడు ఎంత గొప్పవాడైనా ముందు తుమ్ముతాడు, తర్వాతే నమస్కారం పెడతాడు. మస్తానమ్మది చిన్ననాటి ఉబ్బసం. ఆ ఘాటులో పదేళ్ళు కూర్చునేసరికి అది ఇంకాస్త బలిసింది.

పని మానేయొచ్చు కదా అనడం సులువే. కాయ కాలం నాలుగు నెలలు. ఆ నాలుగు నెలలూ చేస్తేనే మిగతా ఎనిమిది నెలలూ ఇంట్లో పొయ్యి వెలుగుతుంది. హాజరు పట్టీలో ఒకసారి పేరు కొట్టేశారంటే మళ్ళీ ఏడాదిదాకా ఆ గేటు తెరుచుకోదు.

రోడ్డుకు అవతల ఆరోగ్య కేంద్రంలో రాహేలు సిస్టరు ఉండేది. ఆమే మస్తానమ్మకు ఆయాసానికి పీల్చే ఇన్‌హేలరు, ఊళ్ళో అనే నీలం పంపు, ఇచ్చి, పట్టుకోవడం దగ్గర్నుంచి నేర్పింది.

"ఇదిగో మస్తానమ్మా, ఆయాసం మొదలవగానే మూత తీసి, లోపల ఏమన్నా ఇరుక్కుందేమో చూసుకో. బాగా ఊపు. లోపలున్న గాలి మెల్లగా బయటికి వదులు. పెదాలు బిగించి, పీల్చడం మొదలెడుతూనే ఒక్క నొక్కు నొక్కి, నిదానంగా నిండా పీల్చు. పీల్చాక పది లెక్కపెట్టేదాకా బిగపట్టు. ఇంకో నొక్కు కావాలంటే ఒక నిమిషం ఆగి. ఎన్ని నొక్కినా తగ్గకపోతే ఇంకేం ఆలోచించకుండా నూట ఎనిమిదికి ఫోన్ చేయించు. రోజూ పొద్దున ఇంట్లో పీల్చే పంపు వేరు, అది ఆయాసం రాకుండా చూసేది. ఇది వచ్చినప్పుడు కాసేది. ఇది మాటిమాటికీ కావాల్సొస్తుంటే నా దగ్గరికి రా. అన్నిటికన్నా ముఖ్యం, ఇది ఎప్పుడూ చేతికందేటట్టు ఉండాలి. పెట్టెలో దాచుకునే నగ కాదిది."

అన్నీ బాగానే ఒంటబట్టాయి కానీ, పది లెక్కపెట్టే దగ్గర చిక్కొచ్చింది. ఆయాసంలో అంకెలు గుర్తుండవని మస్తానమ్మ తన తోబుట్టువుల పేర్లు తలుచుకునేది. వాళ్ళు సరిగ్గా పదిమంది. కోటేశ్వరక్క, నాగులన్న, అంజమ్మక్క, ఇలా మనసులో వరసగా వచ్చి, ఆఖరి చెల్లెలు వీరమ్మ దగ్గర ఊపిరి వదిలేది. ఒకనాడు సిస్టరు పక్కనే ఉండి చూసింది.

"తొమ్మిదికే వదిలేశావేం?"

"ఏడోవాడు పున్నయ్యతో మాటల్లేవు సిస్టరమ్మా. మా వీరమ్మ పెళ్ళిలో పప్పుచారు దగ్గర ఒక మాటన్నాడు. ఇరవై ఏళ్ళయింది. నా నోట ఆడి పేరు రాదు."

"నోటితో అనమాక. మనసులో అనుకో చాలు."

"మనసులో అసలే రాడు."

"అయితే మీ పప్పుచారు గొడవకి మందు సగం దారిలో ఆగిపోయిద్ది. నీ ఇష్టం," అంది సిస్టరు.

మస్తానమ్మ ఆ పంపును రొంటిన చిన్న గుడ్డసంచిలో దోపుకుని, తొమ్మిది మంది తోబుట్టువులతోనే ఎలాగో నెట్టుకొస్తూ ఉండగా, కేంద్రానికి పరాంకుశం గారు భద్రతాధికారిగా వచ్చారు.

పరాంకుశం గారు చెడ్డవారు కారు. అదే వచ్చిన చిక్కు. చెడ్డవాడికి మధ్యలో విసుగు పుడుతుంది, ఈయనకు పుట్టదు. మూడు రోజుల శిక్షణకు వెళ్ళి, ఒక తోలుసంచీ, ఒక నల్లబల్లా, పై ఆఫీసువారి ఒక సర్క్యులరూ పట్టుకుని తిరిగొచ్చారు. ఎక్కడో ఏదో కేంద్రంలో ఎవరో ఇన్‌హేలరును ఫోను చార్జరనుకుని ప్లగ్గులో పెట్టబోయారట. పెట్టలేదు, పెట్టబోయారంతే. అది పైవాళ్ళ దాకా పోయి, 'ఇన్‌హేలర్ల సురక్షిత వినియోగ పథకము' అయి కూర్చుంది.

నల్లబల్లను షెడ్డు గుమ్మం మీద తగిలించారు. 'ప్రమాదరహిత దినములు' అని తెల్లరంగుతో రాసి, కింద సుద్దముక్కతో సున్నా పెట్టారు. రోజు గడిచినకొద్దీ ఆ అంకె పెరగాలి. వందకు చేరితే డైరెక్టరు గారు స్వయంగా వచ్చి వెండి రంగు షీల్డు ఇస్తారు.

మొదటి రోజే ఆడవాళ్ళందర్నీ నిలబెట్టి ఆయన ఉపన్యసించారు.

"సోదరీమణులారా! ఇన్‌హేలరును సురక్షితముగా వినియోగించుట మన ధ్యేయము. వినియోగించినచో పొరపాటు జరుగుటకు అవకాశము కలదు. వినియోగించనిచో అవకాశము లేదు. కావున అత్యంత సురక్షితమైన వినియోగము ఏదనగా, వినియోగించకుండుటయే!"

ఆ మాట ఆయనకే ఎంత నచ్చిందంటే, సాయంత్రానికల్లా గోడ మీద అడుగెత్తు అక్షరాలతో రాయించేశారు: వాడని పంపే సురక్షితమైన పంపు.

ఆ షెడ్డు మొత్తానికీ పంపున్నది మస్తానమ్మ ఒక్కతికే. ముందుకు పిలిచారు.

"ఈ పరికరమును మీరు ఎప్పుడెప్పుడు వినియోగించుచున్నారు?"

"ఆయాసం వచ్చినప్పుడల్లానండి."

"అనగా ముందస్తు ప్రణాళిక లేదన్నమాట."

పక్కనున్న హుస్సేన్‌బీకి నోరూరుకోదు. మస్తానమ్మను వదినా అని పిలుస్తుంది, చిన్ననాటి నుంచీ ఒకే వీధి. "మా వదిన ఆయాసానికి ముహూర్తం పెట్టిచ్చుకుని రమ్మని చెప్తాంలే సారూ," అంది.

ఎనభై మందీ నవ్వారు. ఆ నవ్వులో నలభై మందికి దగ్గొచ్చింది. పరాంకుశం గారు కలం తీసి దగ్గులు లెక్కపెట్టబోయి, వేళ్ళు చాలక మానుకుని, దగ్గును సంఘటనల జాబితా నుంచి మినహాయిస్తున్నట్టు అక్కడికక్కడే ఉత్తర్వు రాశారు. పంపు నొక్కడం మాత్రం శ్వాససంబంధ సంఘటన. అది ఒక్కటి జరిగినా బల్ల మీద అంకె సున్నాకు వస్తుంది. ఇక మీదట గేటు లోపల ఎవరి దగ్గర మందు కనిపించినా హాజరు పట్టీలో పేరు కొట్టివేత.

నీలం పంపును ఇనప బీరువాలో పెట్టారు. దానికి రెండు తాళాలు. ఒక చెవి పరాంకుశం గారి మెడలో, రెండోది అటెండరు అంకమ్మరావు మొలతాడుకు. రోజూ పదిన్నరకు ఇద్దరూ కలిసి తెరిచి, పంపు ముఖం చూసి, రిజిస్టరులో 'యథాతథము' అని రాసి మూసేవారు. దేవుడి గదికైనా అంత నియమంగా దీపం పెట్టరు.

అత్యవసరమైతే? దానికీ ఏర్పాటుంది. ఒక ఫారం. అందులో ఇలా ఉంది: 'క్రింద సంతకము చేయు నేను, ప్రస్తుతము నాకు ఊపిరి ఆడుట లేదనియు, ఈ విషయమును పూర్తి స్పృహతో, ఎవరి ప్రోద్బలమూ లేకుండా, నా స్వంత అభీష్టము మేరకు ప్రకటించుచున్నాననియు ఇందుమూలముగా ధ్రువీకరించుచున్నాను.' దీన్ని అధికారి ఎదుట, స్పష్టమైన స్వరంతో, మధ్యలో ఆగకుండా, ఎవరికి వారే చదవాలి.

మస్తానమ్మ అయిదో తరగతి దాకా చదివింది. ఇంట్లో అంట్లు తోముతూ వల్లించి వల్లించి నోటికి పట్టించుకుంది.

ఇరవై మూడో రోజు ఛాతీ పట్టేసినట్టయింది. పిల్లికూతలు మొదలు. ఇంకా మొదట్లోనే ఉంది కదా అని లేచి ఆఫీసుగదికి నడిచింది. గోడ పట్టుకుని, కళ్ళు మూసుకుని, ఉన్న ఊపిరంతా కూడదీసుకుని ఆ ఫారం మొదట్నుంచి చివరిదాకా ఒక్క బిగిని అప్పజెప్పేసింది.

పరాంకుశం గారు మెచ్చుకోలుగా తలూపారు.

"అద్భుతము. ఒక్క అక్షరము తడబడలేదు. దీనినిబట్టి తేలునదేమనగా, మీకు ఊపిరి ఆడుచున్నది." ఫారం మీద ముద్ర గుద్దారు. "తిరస్కరించడమైనది."

ఆ పూట ఎలాగో కిటికీ పక్కన కూర్చుని, నిదానంగా గాలి లాక్కుంటూ గట్టెక్కింది. బల్ల మీద అంకె ఇరవై మూడయింది.

అరవై ఒకటో రోజు అలా గట్టెక్కలేదు. ఆ రోజు లారీ నుంచి దించుతుంటే ఒక బస్తా పిగిలింది. కారం మబ్బులా లేచింది. పక్కటెముకలు ఎగిరెగిరి పడుతుంటే హుస్సేన్‌బీ, ఇంకో ఇద్దరూ మస్తానమ్మను మోసినంత పని చేసి ఆఫీసుగదిలో కుర్చీలో కూలేశారు. పరాంకుశం గారు ఫారం తీసి ఆమె ముందు పెట్టారు.

"చదవండి."

"క్రిం... ద..." అంది మస్తానమ్మ.

"సంతకము. క్రింద సంతకము. మధ్యలో ఆగరాదు."

"సం..."

"అసంపూర్ణము," అన్నారాయన, నిజంగా బాధపడుతూనే. "అసంపూర్ణ దరఖాస్తును స్వీకరించు అధికారము నాకు లేదమ్మా. మీరు పూర్తిగా చదివినచో..."

"పూర్తిగా చదివితే ఆడుతుందంటివి. ఇప్పుడు చదవలేకపోతే చెల్లదంటివి," అంది హుస్సేన్‌బీ. "మరెప్పుడు సామీ ఇచ్చేది? ఊపిరి ఆడకుండా పాటలు పాడేవోళ్ళుంటే ఆళ్ళకా?"

"ఆ వర్గమువారి నుండి ఇప్పటివరకు దరఖాస్తులు రాలేదు," అన్నారు పరాంకుశం గారు.

అంతలో ఆమె పెదాలు నీలంగా మారడం చూసి అంకమ్మరావు ముందుకొచ్చాడు. "సార్, బస్తాల ట్రాలీ మీద గేటు దాటిచ్చేస్తే?" అన్నాడు మెల్లగా. పరాంకుశం గారి ముఖం వెలిగింది. గేటు అవతల ఎవరికి ఊపిరి ఆడకపోయినా అది కేంద్రం పరిధిలోకి రాదు! ఎనభై మంది ఆడవాళ్ళూ దారిచ్చారు. క్వింటా బస్తాలు మోసే ఇనప ట్రాలీ మీద మస్తానమ్మను కూర్చోబెట్టి గడగడలాడిస్తూ రోడ్డు దాటించారు. రాహేలు సిస్టరు ఆక్సిజనూ, పొడుగాటి గొట్టం డబ్బాలోంచి మందూ పెట్టి, గంటకు మనిషిని మనిషిగా చేసింది.

బల్ల మీద అంకె అరవై ఒకటయింది.

"నీ పంపేదే?" అంది సిస్టరు, ఊపిరి తిరిగాక.

"బీరువాలో ఉంది సిస్టరమ్మా. భద్రంగా."

సిస్టరు డ్రాయరు లాగి కొత్త నీలం పంపొకటి తీసి చేతిలో పెట్టింది. "నేను మీ పైవోళ్ళకి ఉత్తరం రాస్తా. దానికి సమాధానం వచ్చేలోపు నువ్వుండాలి గదా. దీన్ని మాత్రం ఒంటిమీంచి దించమాక."

ఒంటిమీద ఎక్కడ? గేటు దగ్గర కాయ దొంగిలిస్తారని రొంటినే ముందు తడుముతారు. అన్నం క్యారియరు విప్పుతారు. హుస్సేన్‌బీ ఆమెను అటూ ఇటూ తిప్పి చూసింది.

"వదినా, నీ కొప్పులో సగం సవరమేగా?"

"ఎవరి కొప్పులో లేదు లేవే!"

"ఊరుకో, నీకు సవరం కొనేటప్పుడు బేరమాడింది నేనేగా. ఆ సవరం మధ్యలో పెట్టి ముడేస్తే బ్రహ్మదేవుడు కూడా కనుక్కోలేడు. పైన ఎట్టాగూ తలగుడ్డ."

ఆ రోజు నుంచీ మస్తానమ్మ కొప్పు కాస్త ఠీవిగా పెరిగింది. ఆయాసం మొదలవుతున్నట్టుంటే బస్తాల చాటుకు వెళ్ళి, గుడ్డ విప్పి, ఊపి, వదిలి, నొక్కి, పీల్చి, తొమ్మిది మందిని తలుచుకుని, మళ్ళీ ముడేసుకుని వచ్చేది. ఎక్కువసార్లు కావాల్సొస్తోందని సిస్టరుతో చెబితే, ఇంట్లో పీల్చే పంపు మోతాదు మార్పించింది. అక్కడ బీరువాలో పాత పంపు యథాతథము. ఇక్కడ బల్ల మీద అంకె డెబ్బయి, ఎనభై, తొంభై. పరాంకుశం గారు రోజూ ఆ అంకెను చూసుకుని, మనవడి ఎత్తు కొలిచినట్టు మురిసిపోయేవారు.

నూరో రోజు వచ్చింది. షామియానా, మామిడాకులు, మైకు. డైరెక్టరు గారు కారు దిగారు. బొద్దుగా, గులాబీ రంగులో, నవ్వుముఖంతో ఉన్నారు. గేటు దగ్గర జేబులు తడిమే ఆనవాయితీ ఆయనకూ జరిగింది. జేబులోంచి నీలం పంపొకటి బయటపడింది.

అందరికీ గుండాగిపోయింది. పరాంకుశం గారికి మాత్రం కాదు. చేతులు జోడించి, "మన్నించాలి సార్. నిబంధన ముందు అందరూ సమానులే," అన్నారు.

డైరెక్టరు గారు ఆ మాటకు పొంగిపోయారు. "శభాష్! వ్యవస్థ అంటే ఇది! తీసుకోండి, తీసుకోండి," అని తానే అందించారు. రెండో పంపు కూడా బీరువాకెక్కింది. రెండు తాళాలూ పడ్డాయి. అంకమ్మరావు మొలతాడు సర్దుకుని, బజారులో మర్చిపోయి వచ్చిన గజమాల తేవడానికి సైకిలెక్కి వెళ్ళిపోయాడు.

అతిథికి ఉక్కపోస్తుందని షెడ్డులో రెండు పెద్ద నిలువు ఫ్యాన్లు తెచ్చి పెట్టారు. వాటి ఎదురుగా ఏముందో ఎవరూ చూడలేదు. ముప్ఫై క్వింటాళ్ళ రాశి ఉంది. డైరెక్టరు గారు మైకు ముందుకొచ్చి, "ఈ స్వచ్ఛమైన వాతావరణంలో..." అనగానే ఎవరో స్విచ్చి వేశారు.

ఎర్రటి మబ్బు లేచింది. ఎనభై మందీ అలవాటుగా కొంగులో ముఖం దాచుకున్నారు. డైరెక్టరు గారికి కొంగు లేదు. దగ్గారు, వంగారు, ఛాతీ పట్టుకున్నారు. గులాబీ రంగు పోయి బూడిద రంగొచ్చింది. జేబు తడుముకుని, ఖాళీ చెయ్యి చాపారు.

పరాంకుశం గారు వెంటనే కర్తవ్యం గుర్తొచ్చి, ఫారం తీసి ఆయన ముక్కు దగ్గర పట్టుకున్నారు.

"సార్, స్పష్టమైన స్వరముతో."

"క్... క్..."

"క్రింద, సార్. క్రింద సంతకము చేయు నేను. మళ్ళీ మొదటి నుండి."

"ట్రాలీ తెండే!" అని అరిచింది హుస్సేన్‌బీ. "బయటికి నెట్టండి!"

"డైరెక్టరు స్థాయి అధికారిని బస్తాల ట్రాలీ మీద తరలించుటకు ప్రొటోకాలు లేదు!"

"పోనీ తాళం తియ్యి!"

"రెండవ చెవి గజమాలకు వెళ్ళినది!"

మస్తానమ్మ చెయ్యి తలమీదికి వెళ్ళి, అక్కడే ఆగింది. తీస్తే పేరు పోతుంది. పేరు పోతే ఏడాది కూడు పోతుంది. ఎదురుగా ఆ మనిషి నోరు తెరిచి, గాలి కోసం గట్టున పడ్డ చేపలా కొట్టుకుంటున్నాడు. ఆ కొట్టుకోవడం ఎలా ఉంటుందో ఆ షెడ్డులో ఆమెకొక్కతికే తెలుసు.

తలగుడ్డ లాగేసింది. పిన్నులు రాలాయి. సవరం ఊడి, జారి, సరిగ్గా పరాంకుశం గారి ఫైలు మీద నల్లపాములా పడింది. ఆయన కెవ్వుమని అరిచి ఫైలు వదిలేశారు.

"ముందా ఫ్యాన్లు ఆపండి! హుస్సేనూ, సిస్టరమ్మ కోసం పరిగెత్తు, నూట ఎనిమిదికి ఫోన్ చెయ్యమను! పడుకోబెట్టమాకండయ్యా, కూర్చోబెట్టండి!" ఒకరి పంపు ఒకరు వాడకూడదని సిస్టరు చెప్పిన మాట గుర్తుంది. ప్రాణం మీదికి వచ్చినప్పుడు వేరనీ చెప్పింది. ఆయన పంపూ ఇలాంటి నీలమేనని గేటు దగ్గర అందరూ చూశారు. తలగుడ్డ లోపలి అంచుతో మూతి తుడిచి, ఊపి, ఆయన పెదాల దగ్గర పెట్టింది. "గాలి వదలండి అయ్యా. ఇప్పుడు పీల్చండి, నిదానంగా. బిగపట్టండి! నేను లెక్కపెడతా. కోటేశ్వరక్క. నాగులన్న. అంజమ్మక్క..."

మైకు ఆమె ముందే ఉంది. షెడ్డంతా ఆమె వంశం మోగుతోంది.

"...చినకోటయ్య, సుబ్బులు, బ్రహ్మయ్య..." ఆరుగురయ్యారు. ఇక్కడ ఎప్పుడూ ఒక మెట్టు దాటేసేది. ఆమె డైరెక్టరు గారి కళ్ళలోకి చూసింది. "పున్నయ్య," అంది గట్టిగా. "మా ఏడోవాడు పున్నయ్య. వెంకటరత్నం. రోశయ్య. వీరమ్మ. ఇంక వదలండి."

నిమిషం ఆగి రెండో నొక్కు, మళ్ళీ పదిమంది. సిస్టరు తన గొట్టం డబ్బా పట్టుకుని వచ్చేసరికి డైరెక్టరు గారి ముఖంలో రంగు తిరుగుతోంది. ఆవిడ నాడి చూసి, "ఆలస్యమైతే పోయేవారు. అయినా ఆసుపత్రికెళ్ళి చూపించుకోవాల్సిందే," అంది.

అంబులెన్సు వచ్చేలోగా డైరెక్టరు గారు నీళ్ళు తాగి, ఒళ్ళో పడున్న ఫారం తీసి, వింతగా చూస్తూ పైకే చదివారు. 'క్రింద సంతకము చేయు నేను' దగ్గర్నుంచి 'ధ్రువీకరించుచున్నాను' దాకా. పరాంకుశం గారు ఆనందం పట్టలేక, "సంపూర్ణము సార్! మీకు ఊపిరి ఆడుచున్నది. కావున ఏ సంఘటనా జరగలేదు," అని పరుగున పోయి బల్ల మీద నూరు రాశారు.

డైరెక్టరు గారు మస్తానమ్మ వైపు తిరిగి, "నీ పేరేమిటమ్మా?" అన్నారు.

పేరు అడిగారంటే కొట్టేయడానికే. "మస్తానమ్మండి," అంది, తల దించుకుని.

పది రోజులు ఆమె హాజరు పిలిచినప్పుడల్లా గుండె చేత్తో పట్టుకునే నిలబడింది. పదకొండో రోజు పై ఆఫీసు నుంచి సర్క్యులరు వచ్చింది. పరాంకుశం గారు మైకులో చదివారు.

"ఇటీవల ఒక కేంద్రమున లభించిన ఆదర్శప్రాయమైన అనుభవము దృష్ట్యా, ఇకమీదట ఇన్‌హేలరును సిబ్బంది తమ కొప్పునందే ధరించవలెను. కొప్పు లేనివారు, పురుషులతో సహా, ఇండెంటు పెట్టి సవరము పొందగలరు. కొప్పును అనధికారముగా విప్పకుండుటకై ప్రతిదినము ఉదయము లక్కతో సీలు వేయవలెను. ఈ పద్ధతికి మస్తానమ్మ విధానమని పేరు పెట్టడమైనది."

పేరు కొట్టేయలేదు. పేరు పెట్టేశారు.

మర్నాడు గేటు దగ్గర ఎనభై రెండు కొప్పులు వరసకట్టాయి. అందులో అంకమ్మరావుదొకటి. బట్టతల మీద రబ్బరుబ్యాండుతో నిలబెట్టుకున్న పరాంకుశం గారిది ఇంకొకటి. లక్క కరిగించి, ఒక్కో కొప్పు మీద చుక్క వేసి, ముద్ర గుద్దుతున్నారు. రొంటిన తడమడం మానేశారు. రెండూ చూడ్డానికి సిబ్బంది చాలరట.

మస్తానమ్మ వంతు వచ్చింది. బీరువాలోంచి తిరిగిచ్చిన పాత పంపు, తేదీ దాటిపోయినది, కొప్పులో పెట్టుకుని తల వంచింది. ముద్ర పడింది. 'యథాతథము' అని రాసుకున్నారు.

"బరువుగా ఉందా వదినా?" అంది వెనక నుంచి హుస్సేన్‌బీ.

"కొప్పేముందే, సర్కారుది. మోస్తే సరి," అంది మస్తానమ్మ. చేతితో ఒకసారి రొంటిన గుడ్డసంచి తడుముకుంది. సిస్టరమ్మ ఇచ్చిన కొత్త పంపు అక్కడ వెచ్చగా, చేతికందేటట్టు ఉంది. "సాయంత్రం తోడురా. మా పున్నయ్యకి ఫోన్ చెయ్యాలి."